తాతగారి జంట గొట్టాల తుపాకి: ఉంచుకోవాలా, అమ్మేయాలా?

మీరు అడిగింది ఇది. తాతగారు కొన్న పన్నెండు బోరు (బోరు అంటే గొట్టం లోపలి వ్యాసం కొలత) డబుల్ బ్యారెల్ తుపాకి కరీంనగర్ జిల్లాలోని మీ ఊరి ఇంట్లో ఉంది. లైసెన్సు నాన్నగారి పేరు మీద నడుస్తోంది, ఆయనకు డెబ్బై దాటాయి. మీరు నిజాంపేటలో ఫ్లాటులో ఉంటారు. దాన్ని మీ పేరుకు మార్చుకోవాలా, అమ్మేసి కొత్త పంప్ యాక్షన్ (ముందు పట్టును వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించే ఒంటి గొట్టం తుపాకి) కొనుక్కోవాలా, అంత పాతది కాల్చడానికి అసలు పనికొస్తుందా, ఇంటి రక్షణకు ఉంచుకోవచ్చా అన్నవి మీ సందేహాలు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. షూటింగ్ రేంజికి వెళ్లి గాల్లోకి విసిరే మట్టి పళ్లేలు కొట్టే ఆసక్తి మీకు నిజంగా ఉండి, ఆ తుపాకి మీ ఒంటికి సరిపోతే ఉంచుకోండి. దానంత హాయిగా చేతిలో ఇమిడే తుపాకి కొత్తవాటిలో మీ ధరకు దొరకదు. ఇంటి రక్షణ కోసమో, హాల్లో గోడకు అందం కోసమో అయితే వద్దు. అద్దాల బీరువాలో పెట్టుకునే వస్తువు కాదు అది. ఆయుధాలు చూసి మురిసిపోవాలనుకుంటే సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది, చౌమహల్లా ప్యాలెస్ ఉంది. వాటికి నూనె పూసే బాధ్యత మనది కాదు.

నా దగ్గర ఉన్నది బర్మింగ్‌హాంలో తయారైన బాక్స్‌లాక్. కంపెనీ పేరు రాయను, రాస్తే చర్చంతా ధర చుట్టూ తిరుగుతుంది. 28 అంగుళాల గొట్టాలు, రెండు ట్రిగ్గర్లు, ట్రిగ్గర్ వెనుక చెయ్యి పట్టుకునే చోట పిస్టల్ పట్టు లేని నిటారు మెడ, వాల్‌నట్ చెక్క, మూడు కిలోలకు కాస్త తక్కువ బరువు. బాక్స్‌లాక్ అంటే కొట్టే యంత్రాంగమంతా మధ్యనున్న ఉక్కు ఫ్రేములోనే ఇమిడి ఉండే పద్ధతి. 1875లో వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీలో పనిచేసిన ఆన్సన్, డీలీ అనే ఇద్దరు దీన్ని కనిపెట్టారు. అంతకుముందు బయటకు కనిపించే సుత్తులు ఉండేవి, వాటిని బొటనవేలితో వెనక్కి లాగాలి. ఆన్సన్, డీలీల పద్ధతిలో గొట్టాలు వంచి తెరిస్తే ఆ కదలికతోనే సుత్తులు లోపల ఎక్కుతాయి. మీ ఊళ్లో ఉన్నది కూడా చాలావరకు ఇదే తరహా అయి ఉంటుంది. పక్కన పెద్ద చెక్కడపు పలకలు ఉంటే అది సైడ్‌లాక్ కావచ్చు, అంటే యంత్రాంగం ఆ పలకల లోపలి వైపు బిగించి ఉండే ఖరీదైన పద్ధతి. అయితే కొన్ని బాక్స్‌లాకులకు అందం కోసం ఉత్త పలకలు బిగించేవారు. అవి చూసి లక్షల ధర ఊహించుకోకండి.

ఇక దాన్ని వాడితే ఎలా ఉంటుందన్న విషయం. తూకం రెండు చేతుల మధ్య కుదురుతుంది. పంప్ తుపాకిలో బరువు ముందుకు లాగుతుంది, దీనిలో ఆ లాగుడు లేదు. పైగా గొట్టం వెనుక ముందుకూ వెనక్కూ జరిగే బోల్టు లేకపోవడం వల్ల అదే పొడవు గొట్టం ఉన్న పంప్ తుపాకి కంటే ఇది మొత్తం మీద మూడు నాలుగు అంగుళాలు పొట్టిగా ఉంటుంది. భుజానికి ఎత్తుకోవడంలో ఆ తేడా మొదటిసారే తెలుస్తుంది. ఎగిరే పళ్లెం వెంట గొట్టాలు మన చూపుతోపాటే వెళ్తాయి. గొట్టాలు పక్కపక్కనే ఉండటం వల్ల కింద కనిపించే వెడల్పు పట్టీ కొందరికి ఇబ్బంది. ట్రాప్ (ఎగిరే మట్టి పళ్లేలు కొట్టే) పోటీలకు వెళ్లేవారంతా ఒకదానిపై ఒకటి ఉండే గొట్టాల తుపాకులే వాడతారు. మన హైదరాబాదుకు చెందిన షూటర్ కైనన్ చెనాయ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ట్రాప్ వ్యక్తిగత కాంస్యం, జట్టు స్వర్ణం గెలిచింది అలాంటి తుపాకితోనే. స్కోరు కోసం అయితే అదే సరైనది, ఇందులో వాదన లేదు. పోటీ ఆలోచన లేని మనబోటి వాళ్లకు పక్కపక్క గొట్టాలతో ఏ లోటూ రాదు. రెండు వారాలు కాల్చాక కన్ను ఆ పట్టీని పట్టించుకోవడం మానేస్తుంది.

రెండు ట్రిగ్గర్ల గురించి కొత్తవారు భయపడతారు. నా దృష్టిలో ఈ తుపాకి గొప్పతనమంతా అక్కడే ఉంది. ముందు ట్రిగ్గర్ కుడి గొట్టాన్ని, వెనుక ట్రిగ్గర్ ఎడమ గొట్టాన్ని పేలుస్తుంది. రెండు గొట్టాల మూతులు ఒకే కొలతలో ఉండవు. చివర కొద్దిగా సన్నబడటాన్ని చోక్ అంటాం. పూర్తి చోక్ అంటే అంగుళంలో వెయ్యో వంతులు దాదాపు నలభై, అంటే ఒక మిల్లీమీటరు ఇరుకు. సగం చోక్ దానిలో సగం. పాత పద్ధతిలో 40 గజాల దూరాన 30 అంగుళాల వలయం గీసి కాలుస్తారు. తూటాలోని పెల్లెట్లలో నూటికి 70 ఆ వలయంలో పడితే పూర్తి చోక్, 60 పడితే సగం చోక్, 40 పడితే చోక్ లేని గొట్టం. నా కుడి గొట్టం విశాలం, ఎడమది ఇరుకు. దగ్గర పళ్లేనికి కుడిది, చేజారి దూరం పోతున్నదానికి ఎడమది, వేలు ఒక్క అంగుళం వెనక్కి జరిపితే చాలు. పంప్ తుపాకిలో ఈ ఎంపిక లేదు, ఉన్నది ఒకే గొట్టం, దానికి బిగించి ఉన్న చోకే దిక్కు.

ఇబ్బందులూ ఉన్నాయి. ముందు చెక్క సన్నని చీలికలా ఉంటుంది, దాన్ని పట్టుకుంటే వేళ్లు గొట్టాలనే తాకుతాయి. ఏప్రిల్, మే నెలల్లో సెంట్రల్ యూనివర్సిటీ వైపు రేంజిలో ఉదయం తొమ్మిది దాటాక పాతిక తూటాలు వరుసగా కాలిస్తే ఆ గొట్టాలను ఉత్త చేత్తో పట్టుకోలేరు. ఎడమ చేతికి పలుచటి తోలు తొడుగు వేసుకోండి. రెండో ఇబ్బంది సేఫ్టీ. చాలా పాత ఇంగ్లిష్ తుపాకుల్లో తెరిచి మూసిన ప్రతిసారీ ట్రిగ్గర్‌ను ఆపే ఆ మీట దానంతట అదే పడుతుంది. పళ్లెం ఎగిరాక ట్రిగ్గర్ నొక్కితే ఏమీ జరగదు, పక్కవాళ్లు నవ్వుతారు. అలవాటయ్యే వరకు నవ్వనివ్వండి. ఆ సేఫ్టీని తీయించడానికి మాత్రం ఒప్పుకోకండి. ఇక కాల్చినప్పుడు భుజానికి తగిలే తన్ను. 24 లేక 28 గ్రాముల పెల్లెట్లు ఉన్న తూటాలతో ఈ బరువు తుపాకి మర్యాదగానే ఉంటుంది. 36 గ్రాములవి వేస్తే సాయంత్రానికి భుజం నల్లబడుతుంది, పాత చెక్కకు మెడ దగ్గర పగుళ్లు రావడానికీ అవే కారణం.

ఇప్పుడు అసలు విషయం. పాతది కాల్చడానికి పనికొస్తుందా అన్న మీ ప్రశ్నకు ఫోనులో పంపిన ఫోటో చూసి ఎవరైనా ‘బ్రహ్మాండంగా ఉంది’ అంటే నమ్మకండి. పనికొస్తుందో లేదో గొట్టాల అడుగున రాసి ఉంటుంది. ముందు చెక్క ఊడదీసి గొట్టాలు విడదీస్తే, ఫ్రేములో కూర్చునే చదునైన భాగం మీద చిన్న చిన్న ముద్రలు కనిపిస్తాయి. ఇంగ్లండులో తుపాకి అమ్మకానికి పెట్టాలంటే ముందుగా ప్రూఫ్ హౌస్‌లో మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి ఇచ్చే మందుతో కాల్చి పరీక్షించాలి. బర్మింగ్‌హాం ప్రూఫ్ హౌస్ 1813 నుంచి ఈ పని చేస్తోంది. 1954 తరువాత అక్కడ నెగ్గిన తుపాకి మీద కిరీటం, దాని కింద బి.ఎన్.పి. అనే అక్షరాలు ఉంటాయి. ఆ మధ్యలోని ‘ఎన్’ నైట్రో మందుకు గుర్తు, అంటే ఇవాళ్టి పొగరాని మందుకు పరీక్షించారని అర్థం. పక్కనే బోరు వ్యాసం, తూటా కూర్చునే ఛాంబర్ పొడవు, టన్నుల్లో ఒత్తిడి పరిమితి కూడా చెక్కి ఉంటాయి. పాత కాలపు మామూలు తుపాకికి రెండున్నర అంగుళాలు, మూడు టన్నులు అని ఉంటుంది. ఉండ కాల్చడానికి పనికిరాదన్న ఇంగ్లిష్ మాట గొట్టం మీద ఉంటే అది 1875–1887 మధ్య చోక్ వేసిన తుపాకి, అంటే పొగ వచ్చే నల్ల తుపాకిమందు కాలం నాటిది. దాన్ని కాల్చే ఆలోచన మానుకోండి. అలాగే గొట్టాల మీద నీటి అలల్లాంటి గీతలు తేలి ఉంటే, ఇనుము ఉక్కు పోగులు మెలిపెట్టి అతికిన డమాస్కస్ గొట్టాలవి. నైట్రో ప్రూఫ్ ముద్ర స్పష్టంగా లేనంతవరకు వాటిలో ఈనాటి తూటా వేయకూడదు.

ఛాంబర్ పొడవు దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. పాత ఛాంబర్ రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు బజారులో దొరికేవి ఎక్కువగా 70 మిల్లీమీటర్ల తూటాలు. పెట్టె మీద రాసే ఆ కొలత పేలిన తరువాత మూతి విప్పుకున్న ఖాళీ తూటాది. పేలకముందు మూతి మడతపెట్టి ఉంటుంది కాబట్టి 70 మిల్లీమీటర్లది కూడా పాత ఛాంబర్‌లో హాయిగా దూరిపోతుంది. దూరింది కదా అని కాలిస్తే, మడత విప్పుకోవడానికి చోటు చాలక గొట్టం సన్నబడే చోట ఇరుక్కుంటుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఒక్క దెబ్బకు గొట్టం పగలకపోవచ్చు. ఏళ్ల తరబడి జరిగితే కీలు వదులవుతుంది. కాబట్టి డీలరు దగ్గర ఛాంబర్ గేజి పెట్టి కొలిపించండి. కొందరు పాత తుపాకుల ఛాంబర్లను ఇక్కడే తొలిపించి పెద్దవి చేశారు. ముద్ర రెండున్నర అంటుంది, గేజి రెండుముప్పావు చూపిస్తుంది, ఆ గోడ ఎంత పలచబడిందో ఎవరికీ తెలియదు. అలాంటిది నేనైతే కాల్చను.

లోపలి వ్యాసం కూడా కొలిపించాలి. పన్నెండు బోరు అంటే ఒక పౌను సీసంతో పన్నెండు సమాన గుండ్లు చేస్తే ఒక్కో గుండుకు ఉండే వ్యాసం, 0.729 అంగుళం. ముద్రలో ఉన్న అంకె కంటే ఇప్పుడు లోపల పది వెయ్యోవంతులు మించి పెద్దదైతే, తుప్పు గుంటలు పోగొట్టడానికి ఎవరో గొట్టాన్ని గీకించారన్నమాట. ఇంగ్లండు నిబంధనల ప్రకారం అది మళ్లీ ప్రూఫ్ పరీక్షకు పోవాల్సిందే.

మీరే చేసుకోగల పరీక్షలూ కొన్ని ఉన్నాయి. తూటాలు లేవని రెండుసార్లు చూసుకున్నాకే సుమా. ముందు చెక్క తీసేసి గొట్టాలు మాత్రం బిగించి, మడమ (భుజానికి ఆనే చెక్క చివర) పట్టుకుని అటూ ఇటూ ఊపండి. టకటకమని కదిలితే కీలు అరిగింది. మూసి దీపం ముందు పెట్టి పక్కనుంచి చూడండి. గొట్టాల వెనుక అంచుకు, ఫ్రేముకు మధ్య వెలుగు గీత కనిపించకూడదు. పై లివర్ మూసినప్పుడు మధ్య గీతకు కాస్త కుడివైపు ఆగితే ఇంకా ఆయుష్షు ఉంది. ఎడమవైపుకు దాటిపోతే ఇక మిగిలింది తక్కువ. గొట్టాలను విడిగా కొక్కెం దగ్గర వేలికి వేలాడదీసి చిన్న చెక్కతో తట్టండి. ఖంగుమని మోగాలి. బొంగురుగా మోగితే రెండు గొట్టాలను కలిపే పట్టీ అతుకు ఎక్కడో ఊడింది. ఇవన్నీ బాగున్నా డీలరు పరీక్ష తప్పదు. బాగా లేకపోతే ఆ ఖర్చు మిగులుతుంది.

ఊరి ఇంట్లో మూలన నిలబెట్టి ఉంచారంటున్నారు కాబట్టి ఇంకొకటి. కుమ్మరి పురుగుకు పన్నెండు బోరు గొట్టం కంటే మంచి ఇల్లు ఇంకొకటి లేదు. లోపల మట్టి గూడు ఉండగా కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది, చీలుతుంది. రేంజిలో కూడా ప్రతిసారీ తూటా వేసేముందు గొట్టాల్లోంచి ఆకాశం చూడటం అలవాటు చేసుకోండి. ఇరవై బోరు తూటా ఒక్కటి కూడా ఆ సంచిలో ఉండకూడదు. అది పన్నెండు బోరు గొట్టంలో జారి లోపల ఇరుక్కుంటుంది, బయటకు ఖాళీగా కనిపిస్తుంది. వెనుక మరో తూటా వేసి కాల్చినవారి ఎడమ చెయ్యి ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇరవై బోరు తూటాలకు పసుపు రంగు వేసేది ఇందుకే.

తాతగారి కాలం నాటి తూటాలు కూడా ఆ పెట్టెలో ఉండే ఉంటాయి. కాగితపు తూటాలైతే వానాకాలపు తేమకు ఉబ్బి ఛాంబర్‌లో దిగవు. దిగినా పేలతాయో లేదో తెలియదు. వాటిని కాల్చి ఖర్చు చేద్దామనుకోకండి. లైసెన్సు మీద వాటి లెక్క చూపించి డీలరుకో స్టేషనుకో అప్పగించండి. కొత్తవి మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల శక్తిమాన్ తూటాలు దొరుకుతాయి, వాటి మీద కిర్కీ ఫ్యాక్టరీ గుర్తు ఉంటుంది. వాటి పొడవు చూసే కొనండి. రేంజిలో మీకు కావలసింది సన్న పెల్లెట్లు, ఏడో ఎనిమిదో నంబరు. ఇంగ్లిష్ లెక్కలో ఎనిమిదో నంబరువి ఔన్సుకు 450, ఆరో నంబరువి 270 వస్తాయి. ఎల్.జి. అనే లావు గుండ్లు ఔన్సుకు ఆరే. పాత పెట్టెల్లో అవే ఎక్కువ, ఎందుకంటే అప్పట్లో పందులకూ జింకలకూ వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ కథ ముగిసింది. ఊళ్లో పంట మీద అడవి పందులు పడుతున్నాయని ఎవరైనా మిమ్మల్ని తుపాకి తెమ్మంటే, అటవీశాఖ అనుమతి ఎవరి పేరున ఉందో ముందు అడగండి.

చెక్క కొలత సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. షాట్‌గన్‌కు వెనుక గురి పలక ఉండదు, మన కన్నే వెనుక గురి. చెంప చెక్కను తాకిన చోటే కన్ను ఉంటుంది. చెక్క పొడవైతే ఎత్తేటప్పుడు చంకలో తట్టుకుంటుంది, పొట్టిదైతే బొటనవేలు ముక్కుకు తగులుతుంది. పాత ఇంగ్లిష్ చెక్కల పొడవు ముందు ట్రిగ్గర్ నుంచి మడమ దాకా సాధారణంగా పద్నాలుగు, పద్నాలుగున్నర అంగుళాలు. సగటు తెలుగువాడికి అది కాస్త ఎక్కువే. పైగా కుడిచేతివాటం వాళ్ల కోసం చెక్కను కొద్దిగా బయటికి వంచి చేస్తారు. మీది ఎడమచేతివాటమైతే ఆ వంపు మీకు ఎదురు తిరుగుతుంది, ఎంత అభ్యాసం చేసినా గురి పక్కకు పోతుంది. ఖాళీ తుపాకితో అద్దం ముందు ఈ పరీక్ష చేయండి. కళ్లు మూసుకుని భుజానికి ఎత్తి చెంప ఆనించి, కళ్లు తెరవండి. మీ కంటిపాప సరిగ్గా పట్టీ మీద, మధ్యలో కనిపిస్తే తుపాకి మీదే. లేదంటే మంచి వడ్రంగి చేత కాదు, తుపాకి పని తెలిసిన వాడి చేత వంపు మార్పించాలి. దానికి వేడి నూనె, ఓపిక రెండూ కావాలి. మెడ దగ్గర చెక్క పాతబడి నూనె తాగి మెత్తబడితే ఆ పని ఎవరూ ఒప్పుకోరు. ఇలాంటిదైతే అమ్మడమే మేలు. గొట్టాలు పొడవనిపించి కోయించడం మాత్రం ఎంత చెప్పినా చేయకండి. అనుమతి లేకుండా గొట్టం పొట్టి చేయడం ఆయుధ చట్టం ప్రకారం నేరం. దానితోపాటు చోక్ పోతుంది, విలువా పోతుంది.

కాగితాల సంగతి. 1959 ఆయుధ చట్టంలోని 13వ సెక్షను మీ వైపే కొంచెం మొగ్గు చూపుతుంది. గొట్టం 20 అంగుళాలకు తక్కువ కాని నునుపు గొట్టపు తుపాకిని రక్షణకో క్రీడకో అడిగేవారికి, తిరస్కరించడానికి చట్టంలో చెప్పిన కారణాలు లేకపోతే, లైసెన్సు ఇవ్వాలనే దాని ధోరణి. రివాల్వర్లు, రైఫిళ్ల విషయంలో అధికారికి సరైన కారణం తోచాలి. 2016 నిబంధనలు వారసులకు ఇంకో దారి తెరిచాయి. లైసెన్సుదారు చనిపోయాకే కాదు, ఆయనకు డెబ్బై నిండినా, తుపాకి ఆయన దగ్గర ఇరవై అయిదేళ్లు ఉన్నా వారసుడి పేరుకు మార్చడానికి దరఖాస్తు చేయవచ్చు. మీ నాన్నగారి విషయంలో ఈ దారి ఉంది, కాబట్టి ఆయన ఉండగానే, ఆయన సంతకంతోనే పని పూర్తి చేసుకోండి. మిగతా వారసుల అభ్యంతరం లేదన్న పత్రాలు, ఆయుధ శిక్షణ ధ్రువపత్రం, వైద్య ధ్రువపత్రం కావాలి. జిల్లాలో కలెక్టరు ఇస్తారు, నగరంలో మీరు ఉండే చోటి పోలీసు కమిషనరు ఇస్తారు. నాన్నగారి లైసెన్సు మీద ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉందో లేదో ముందు చూడండి. జాతీయ డేటాబేసులోకి ఎక్కించే పని అప్పట్లో జరగకపోతే మొదట అదే సరిచేయించాలి. 2019 సవరణ తరువాత ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. లైసెన్సు గడువు అదే సవరణతో మూడేళ్ల నుంచి అయిదేళ్లయింది.

మీ పేరు మీదకు వచ్చేవరకు దాన్ని మీ కారు డిక్కీలో వేసుకుని నిజాంపేట తీసుకురాకండి. నాన్నగారి చేత రాతపూర్వక అనుమతి తీసుకుని మరమ్మతుకు, లైసెన్సు పునరుద్ధరణకు తీసుకెళ్లడానికి చట్టం వీలిస్తుంది. అది కూడా లైసెన్సు చెల్లే ప్రాంతంలోనే. ఆ ప్రాంతం లైసెన్సు మీదే రాసి ఉంటుంది. నాన్నగారిని వెంట పెట్టుకుని వెళ్లడమే అన్నిటికంటే శుభ్రం.

హైదరాబాదు వాతావరణం తుపాకికి పెద్ద శత్రువేమీ కాదు, సముద్రం పక్కన ఉన్న ఊళ్లతో పోలిస్తే. జూలై నుంచి సెప్టెంబరు దాకా మాత్రం నెలకు రెండుసార్లు తీసి తుడవాలి. తోలు పెట్టెలో దాచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. ఇనుప అలమారాలో గుడ్డ తొడుగు లేకుండా, వీలైతే మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి. మూతి పైకి ఉంటే నూనె కారి చెక్క మెడలోకి దిగుతుంది, పైన చెప్పిన మెత్తబడటం ఇలా వచ్చేదే. నూనె పలుచగా రాస్తే చాలు. కాల్చిన రోజే ఇత్తడి బ్రష్షు, గుడ్డ ముక్కలతో గొట్టాలు తుడవాలి. ‘రేపు చూద్దాం’ అన్న రేపు ఆషాఢంలో ఎర్రగా కనిపిస్తుంది. ఖాళీ గొట్టాల మీద ట్రిగ్గర్ నొక్కి సుత్తులు దించకండి, పిన్నులు విరుగుతాయి. నకిలీ తూటాలు వేసి దించండి.

దసరా ఆయుధపూజకు మన ఇళ్లలో తుపాకికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, నీళ్లు చల్లుతారు. పాత తుపాకుల గొట్టాల మీద ఒకే చోట వరుసగా గుండ్రని తుప్పు మచ్చలు కనిపిస్తే అవి బొట్లే. పూజ మానమని నేను చెప్పను, మా ఇంట్లోనూ చేస్తాం. బొట్టు పెట్టెకు పెట్టండి, తుపాకి మీద పువ్వు ఒకటి ఉంచండి, సాయంత్రానికి తీసేయండి. ఆ ఉత్సాహంలో గాలిలోకి ఒకటి పేల్చడం అనే ఆచారం కూడా కొన్ని ఊళ్లలో ఉంది. ఆరో నంబరు పెల్లెటు రెండు వందల మీటర్ల దాకా పోతుంది, ఎల్.జి. గుండు అంతకు మూడింతలు. అవి ఎక్కడో ఒకచోట దిగాలి. 2019 సవరణ దీనికి రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పెట్టింది. పెళ్లి ఊరేగింపులకు తుపాకి అరువడిగే బంధువులు మీకూ తయారవుతారు. లేదని చెప్పడం ఇప్పటి నుంచే నేర్చుకోండి.

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా డిపాజిట్ చేయమని కబురు వస్తుంది. శాసనసభకు, లోక్‌సభకు, స్థానిక సంస్థలకు విడివిడిగా. ఒకసారి స్టోరు గదిలో నుంచి తిరిగి వచ్చిన నా తుపాకి గొట్టాల మీద కొత్త తుప్పు గీత ఉంది. అప్పటి నుంచి లైసెన్సు ఉన్న డీలరు దగ్గర డిపాజిట్ చేసి రసీదు స్టేషనులో ఇస్తున్నాను. అద్దె కొంత తీసుకుంటారు, కానీ నూనె రాసి ఉంచుతారు.

ఇంటి రక్షణ అన్నారు కదా. సినిమాల్లో చూపించినట్టు డబుల్ బ్యారెల్ గది మొత్తం కొట్టదు. పెల్లెట్లు గజానికి రమారమి అంగుళం చొప్పున విచ్చుకుంటాయి. మీ హాలు పొడవంతా కలిపినా జానెడు వెడల్పే. గురి చూడాల్సిందే. తుపాకి ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో ఉంచుతారు, ఉంచాలి కూడా. అర్ధరాత్రి రెండు తాళాలు తీసి, చీకట్లో గురి చూసి, గోడ అవతల పక్క ఫ్లాటువాళ్ల పిల్లలు ఎక్కడ పడుకున్నారో ఆలోచించి కాల్చగలరా? మీ అపార్టుమెంటులో మంచి తలుపు, గ్రిల్లు, మెలకువగా ఉండే వాచ్‌మన్ ఎక్కువ పని చేస్తారు. పంప్ యాక్షన్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది, రెండు బదులు అయిదు తూటాలు పట్టినంత మాత్రాన ఫ్లాటు గోడలు మందమవవు.

రేంజిలో పంప్ తుపాకికీ దీనికీ నాకు కనిపించే పెద్ద తేడా ఇంకొకటి. డబుల్ బ్యారెల్ తెరిచి మోచేతి మీద వేసుకుని నిలబడితే, రేంజి అవతలి చివర ఉన్నవాడికి కూడా అది ఖాళీగా ఉందని కనిపిస్తుంది. పంప్ తుపాకి విషయంలో మీ మాట నమ్మాలి. మీకు స్కూలుకు వెళ్లే పిల్లలున్నారని రాశారు. మొదటి తుపాకి ఏదైతే బాగుంటుందని నన్ను అడిగితే, ఆ ఒక్క కారణం చాలు నాకు. కొనే ముందు, మార్పించుకునే ముందు కూడా ఒకసారి క్లబ్బు తుపాకితో కోచ్ పక్కన ఉండగా ట్రాప్ కాల్చి చూడండి. 110 మిల్లీమీటర్ల పళ్లెం డెబ్బై ఆరు మీటర్లు పోయేలా విసురుతారు. మొదటి రోజు తగలదు. రెండో రోజూ వెళ్లాలనిపిస్తే దరఖాస్తు పెట్టండి.

అమ్మాలనే అనుకుంటే కూడా డీలరు ద్వారానే, లైసెన్సులో ఎక్కించుకునే కొనుగోలుదారుకే. సైడ్‌లాకో, పేరున్న కంపెనీదో అయితే తొందరపడి మొదటి ధరకు ఇవ్వకండి. ప్రూఫ్ ముద్రలు ఉండి, ఛాంబర్ తొలవకుండా, గొట్టాలు గీకకుండా ఉంటేనే దానికి విలువ. మళ్లీ ఊరికి వెళ్లినప్పుడు నాన్నగారి చేత గొట్టాలు విప్పించి, అడుగున ముద్రలు, కుడి పక్క ఫ్రేము, మడమ మెడ దగ్గర చెక్క, ఈ మూడూ పగటి వెలుతురులో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. సీరియల్ నంబరు మీద మాత్రం వేలు పెట్టి తీయండి.